పోపుల వెండి, రాజుగారి జాబితా

కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్ పేటకు ఆ పేరు ఇటుక బట్టీల వల్ల వచ్చింది. 1881లో అగ్నిప్రమాదం, వరద ఊరిని దెబ్బతీశాక ఇళ్ళన్నీ ఇటుకలతోనే కట్టాలన్న ఉత్తర్వు వెలువడింది. ఆ ఇటుకలు కాల్చిన చోటు కాలక్రమేణా రైల్వే ఉద్యోగుల పేటగా, భారతీయుల పేటగా మారింది. 2010లో దానికి లిటిల్ ఇండియా అన్న హోదా కూడా దక్కింది. ఈ పేటలో నడిచే మనిషికి కొద్ది నిమిషాలలోనే కందస్వామి కోవెల, 1894లో వెలసిన బౌద్ధ మహావిహారం, కథోలిక్కుల హోలీ రోజరీ చర్చి, లూథరన్ చర్చి, చీనా దేవాలయం ఎదురవుతాయి. ఇన్ని గుడుల హుండీలలో పడేది ఒకే డబ్బు, మలేషియా రింగిట్. పూజించే చేతులు వేరు, నాణెం ముద్రించే చెయ్యి వేరు. ఈనాటి మనిషికి ఈ ఏర్పాటు ఎంత సహజంగా కనిపిస్తుందంటే, మరో విధంగా ఉండే వీలుందన్న ఊహే రాదు.

అయితే రోమ్ నగరంలో 1870 సెప్టెంబరు 20 వరకూ పూజాపీఠం, టంకశాల రెండూ ఒకే మనిషి అధీనంలో ఉండేవి. మధ్య ఇటలీలో ఎనిమిదో శతాబ్దం నుంచి పోపులు పాలించిన రాజ్యానికి సొంత సైన్యం, సొంత పన్నులు, సొంత వెండి నాణేలు ఉండేవి. బ్రిక్‌ఫీల్డ్స్ వంటి పేటలో నాణేలు పోగుచేసే తెలుగువాడి చేతికి అటువంటి నాణెం ఒకటి వచ్చిందనుకుంటే, అతనికి ఎదురయ్యే మొదటి ప్రశ్న వెల గురించి కాదు, చోటు గురించి. ఆల్బమ్‌లో దాన్ని ఎక్కడ పెట్టాలి? ఇటలీ పుటలోనా, అది ముద్రించిన నాటికి ఇటలీ అనే దేశం లేదు. వాటికన్ పుటలోనా, వాటికన్ సిటీ అనే రాజ్యం పుట్టింది 1929లో. మతచిహ్నాల పెట్టెలోనా, అది రొట్టె కొనడానికి చెల్లిన డబ్బు. చిన్నదిగా కనిపించే ఈ చిక్కును తీర్చడానికి ఇరవయ్యో శతాబ్దంలో రెండు మహా జాబితాలు పుట్టాయి. ఆ రెండూ ఒకే వెండిని రెండు విధాలుగా చదివాయి. సేకరణ అంటే పోగుచెయ్యడం మాత్రమేననీ, వరస పెట్టడంలో అభిప్రాయం ఏమీ ఉండదనీ అనుకునేవారికి ఆ రెంటి కథ మంచి పాఠం.

బొమ్మ, బొరుసు

ముందు నాణెం సంగతి. పోపుల వెండి నాణేలలో పెద్దది పియాస్ట్రా. దీన్నే వెండి స్కూదో అని కూడా అంటారు. ఐదో సిక్స్‌టస్ కాలంలో, 1580ల చివర, ఇది మొదలైంది. పదిహేడో శతాబ్దపు పియాస్ట్రా సుమారు 32 గ్రాములు, అంటే మూడు తులాలకు కొంచెం తక్కువ. దాని కింద టెస్టోనే, ఆ కింద జూలియో. స్కూదోకు పది జూలియోలు, టెస్టోనేకు మూడు. లెక్కకు స్కూదో అంటే నూరు బయోక్కోలు. జూలియో అన్న పేరు రెండో జూలియస్ పోపుది. మూడో పాల్ వచ్చాక అదే స్థాయి నాణేన్ని పావొలో అన్నారు. పాలకుడి పేరు నోట్లో నాని నాణెం పేరైపోవడం తెలుగువారికి కొత్త కాదు.

బొమ్మ వైపు పోపు ముఖమో, ఆయన వంశచిహ్నమో, దాని మీద అడ్డంగా పెట్టిన రెండు తాళపుచెవులో ఉంటాయి. సంవత్సరం చాలాసార్లు క్రీస్తుశకంలో కాక పోపు పట్టానికి వచ్చి ఎన్నో ఏడు అన్న లెక్కలో ఉంటుంది. పాత శాసనాలలో ‘విజయరాజ్య సంవత్సరంబులు’ చూసినవారికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. పోపు మరణించి కొత్తవాడు ఎన్నిక కాని రోజులలోనూ టంకశాల ఆగదు. అప్పుడు ముద్రించే నాణేల మీద ముఖం ఉండదు. ఖజానా చూసే కార్డినల్ వంశచిహ్నం, దాని పైన గొడుగు, తాళపుచెవులు, పీఠం ఖాళీగా ఉందన్న మాట మాత్రం ఉంటాయి. పాలకుడు లేని రాజ్యం తన లేమినే ముద్రించి చెలామణీ చెయ్యడం నాణేల చరిత్రలో అరుదైన విషయం. సేకర్తలు ఈ ఖాళీపీఠపు నాణేలను ప్రత్యేకంగా వెదికి కొంటారు.

శిల్పం దృష్ట్యా కూడా ఈ వెండి తక్కువది కాదు. ఏడో క్లెమెంట్ దగ్గర 1529 నుంచి బెన్వెనూతో చెల్లీని అచ్చులు చెక్కాడు. నీళ్ళలో మునిగిపోతున్న పేతురును క్రీస్తు చేయిపట్టి లేపే దృశ్యం ఆయన చెక్కిన నాణెం మీద ఉంది. రోమ్ సైనిక దోపిడీకి గురైంది 1527లో. ఆ కొద్ది ఏళ్ళలోనే ఆ పోపు తన డబ్బు మీద మునిగేవాణ్ణి పైకి తీసే బొమ్మను ఎంచుకున్నాడు. పదిహేడో శతాబ్దం నుంచి హమెరానీ కుటుంబం తరతరాలుగా పోపులకు అచ్చులు చెక్కింది.

డబ్బు చెప్పిన నీతి

ఈ నాణేలను మిగతా ఐరోపా నాణేల నుంచి వేరు చేసేది బొరుసు వైపు ఉన్న మాట. రాజులు తమ బిరుదులు రాయించుకున్న చోట పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల పోపులు నీతివాక్యాలు వేయించారు. వాటిలో పెక్కు డబ్బుకు వ్యతిరేకమైనవి. 1676 నుంచి 1689 వరకు పాలించిన పదకొండో ఇన్నోసెంట్ నాణేలు ఇందుకు మంచి ఉదాహరణ. పుచ్చుకోవడం కన్న ఇవ్వడం మేలని ఆయన టెస్టోనే చెబుతుంది. తీర్పు రోజున సిరి అక్కరకు రాదని అర పియాస్ట్రా హెచ్చరిస్తుంది. బొమ్మ కూడా లేకుండా కేవలం అక్షరాలే ఒక పూలచట్రంలో అమర్చిన నాణేలు ఆయన కాలంలో చాలా వచ్చాయి.

ఈ మాటలు ఎవరి కోసం? లాటిన్ రాని బిచ్చగాడి కోసం కాదు. దానం పుచ్చుకునేవాడికి నాణెం చాలు, వాక్యం అక్కరలేదు. వాక్యం చదవగలిగినవాడు చదువుకున్నవాడు, చాలా సందర్భాలలో ఉన్నవాడు. అందుచేత ఈ నీతి పేదకు ఓదార్పు కాదు, ధనికుడి చేతికి అంటించిన చీటీ. ఇన్నోసెంట్ తన మటుకు తాను ఆ మాటకు కట్టుబడినవాడే. ఆర్భాటాలు తగ్గించాడు, లోటులో ఉన్న ఖజానాను చక్కబెట్టాడు. అయితే అదే పోపు 1684లో వేయించిన పియాస్ట్రా మరో మాట అంటుంది. దేవుడి కుడిచెయ్యి శత్రువును కొట్టిందని దాని సారం. 1683లో వియన్నా దగ్గర ఒట్టోమన్ సేనలు ఓడిపోయిన సందర్భానికి అది గుర్తు. ఆ యుద్ధానికి డబ్బు పంపినవారిలో ఆయన ముఖ్యుడు. దానం చెయ్యమన్న వెండి, యుద్ధానికి చేరిన వెండి ఒకే టంకశాల నుంచి వచ్చాయి. సేకర్త పళ్ళెంలో ఈ రెండు నాణేలూ పక్కపక్కన ఉంటేనే ఈ సంగతి కనిపిస్తుంది. నీతి నాణేలు ఒక చోట, విజయ నాణేలు ఒక చోట సర్దితే కనిపించదు.

దాచుకోవద్దని చెప్పే నాణేన్ని మఖమలు గుడ్డ మీద దాచుకోవడంలోని వ్యంగ్యం కూడా ఇక్కడే ఉంది. జాబితాలు ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎక్కిస్తాయి. అచ్చు అచ్చుకీ మారిన చుక్కలను సైతం లెక్కపెడతాయి. కానీ ఆ లెక్క నాణేన్ని గుర్తుపట్టడానికి, చదవడానికి కాదు.

రెండు జాబితాలు

1910లో ఇటలీలో రెండు గ్రంథాల మొదటి సంపుటాలు వెలువడ్డాయి. ఒకటి ‘కోర్పుస్ నుమ్మోరుమ్ ఇటాలికోరుమ్’. దాని కర్త ఇటలీ రాజు మూడో విట్టోరియో ఎమాన్యూయెలే. రెండోది వాటికన్ నాణేల భాండాగారంలోని పోపుల నాణేల, సీసపు ముద్రల జాబితా. దాని కర్త ఆ భాండాగారం అధికారి కమిల్లో సెరాఫీని. రాజు నివాసమైన క్విరినాలే ఒకప్పుడు పోపుల భవనం. 1870లో రోమ్‌ను పట్టుకున్నది ఈ రాజు తాతగారి సైన్యం. అప్పటి నుంచి పోపులు వాటికన్ దాటి బయటికి రాలేదు, ఇటలీ రాజ్యాన్ని గుర్తించనూ లేదు. మాటలు లేని రెండు ఇళ్ళ నుంచి ఒకే ఏడాది ఒకే వెండి గురించి రెండు పుస్తకాలు వచ్చాయన్నమాట.

రాజుకు ఈ వ్యసనం పట్టిన తీరు గురించి ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. పదేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడు తన్ను పెంచిన ఆయా ఒక చిన్న నాణెం ఇచ్చిందట. అది తొమ్మిదో పయస్ పోపు సోల్దో. తాతగారు ఎవరి రాజ్యాన్ని తీసుకున్నారో ఆయన నాణెంతోనే మనవడి పేటిక తెరుచుకుంది. చివరికి ఆ పేటికలో లక్షకు పైగా నాణేలు చేరాయి. 1946లో గద్దె దిగిపోతూ ఆయన వాటిని ఇటలీ ప్రజలకు వదిలి వెళ్ళాడు.

కోర్పుస్ 1910 నుంచి 1943 వరకు ఇరవై సంపుటాలుగా వచ్చింది. దాని క్రమం గమనించదగ్గది. మొదటి సంపుటం సవోయ్ వంశానిది, అంటే రాజుగారి సొంత వంశానిది. ఆ తరువాత అంతా ప్రాంతాల వారీగా, టంకశాలల వారీగా సాగుతుంది. ఈ పద్ధతిలో పోపుల రాజ్యం ఒక రాజ్యంగా ఎక్కడా కనిపించదు. బొలోన్యాలో ముద్రించిన పోపు నాణెం ఎమీలియా సంపుటంలో ఉంటుంది, అంకోనాలో ముద్రించినది మార్కె సంపుటంలో. రోమ్ టంకశాలకు 15, 16, 17 సంపుటాలు ఇచ్చారు. అక్కడ కూడా పుటకు శీర్షిక నగరమే. పన్నెండో శతాబ్దం నుంచి రోమ్ సెనేట్ తన పేరున వేసిన నాణేలు, పోపుల నాణేలు, ఫ్రెంచివారి అండతో 1798లో ఏర్పడిన గణతంత్రపు నాణేలు, 1849 నాటి గణతంత్రపు నాణేలు ఒకే నగరపు వరసలో నడుస్తాయి. ఆ వరస 1870 దగ్గర ఆగుతుంది. పోపు ఆ నగరాన్ని కొంతకాలం ఏలిన అనేకులలో ఒకడు, అంతే. ఇటలీ అనేది ఎప్పటి నుంచో ఉంది, పాలకులు వచ్చి పోయారు అన్న వాదాన్ని ఒక్క వాక్యం కూడా రాయకుండా కేవలం వరసతో స్థాపించిన గ్రంథం ఇది.

సెరాఫీని జాబితా ఇందుకు పూర్తిగా విరుద్ధం. దాని క్రమం పోపుల పరంపర. మొదటి సంపుటం ఏడో శతాబ్దపు పోపు అడియోడాటస్‌తో ఆరంభమవుతుంది. ఆ కాలంలో పోపులకు నాణేలు లేవు. ఉన్నవి పత్రాలకు వేలాడదీసే సీసపు ముద్రలు మాత్రమే. వాటిని కూడా నాణేలతో కలిపి వరసలో పెట్టడం వల్ల పరంపర రాజ్యం కన్న వెనక్కి వెళ్ళింది. మూడో సంపుటం తొమ్మిదో పయస్‌తో ముగుస్తుంది. ఏ ఊళ్ళో ముద్రించినా నాణెం ఆ పోపు కిందికే చేరుతుంది. ఇక్కడ నగరాలు వస్తాయి పోతాయి, పీఠం మాత్రం నిలుస్తుంది. ఖాళీపీఠపు నాణేలు సైతం ఈ క్రమంలో తెగిన చోటుగా కాక, రెండు కణుపుల నడుమ ముడిగా కనిపిస్తాయి.

రెండూ శ్రమకోర్చి చేసిన గ్రంథాలే. రెంటిలోనూ తూకాలు, అచ్చుల తేడాలు నిజాయితీగా నమోదయ్యాయి. 1972, 73లలో నాలుగు సంపుటాలుగా వచ్చిన ఫ్రాంచెస్కో ముంటోనీ జాబితా ఈ రంగంలో తరువాతి మెట్టు. ఈనాటి వేలంపాటలలో పోపు నాణేనికి ముంటోనీ సంఖ్య, కోర్పుస్ సంఖ్య పక్కపక్కనే వేస్తారు. ఆ రెండు అంకెలు ఒకే గీతలో ఉండడం చూసి అవి ఒకే మాట చెబుతున్నాయనుకోవడం పొరపాటు. ఒకటి ఈ నాణెం ఏ ఊరిదో చెబుతుంది. మరొకటి ఏ పోపుదో చెబుతుంది. కొత్త సేకర్త సాధారణంగా పోపుకు ఒకటి చొప్పున నాణెం పోగుచేద్దామని బయలుదేరతాడు. తెలియకుండానే అతను సెరాఫీని పక్షం వహించాడు. బొలోన్యా మీద మక్కువతో ఆ ఊరి నాణేలు మాత్రమే కొనేవాడు రాజుగారి పక్షం వహించాడు.

చరిత్ర ఈ కథకు మరొక మలుపు ఇచ్చింది. 1929 ఫిబ్రవరిలో లాటరన్ ఒప్పందం కుదిరి వాటికన్ సిటీ ఏర్పడింది. దాని మొదటి గవర్నరుగా నియమితుడైనది ఈ సెరాఫీనియే. కొత్త చిన్న రాజ్యానికి మళ్ళీ వెండి నాణేలు, ఐదు లీరాలవీ పది లీరాలవీ, వచ్చాయి. అవి తయారైంది మాత్రం రోమ్‌లోని ఇటలీ ప్రభుత్వ టంకశాలలో. వరస సెరాఫీనిది, అచ్చుయంత్రం రాజుగారిది.

మూగబోయిన వెండి

ఈ రెండు వరసలలోనూ చోటు దొరకని విషయం ఒకటి ఉంది. నాణేన్ని ఎవరు పుచ్చుకున్నారు, ఎవరు వద్దన్నారు అన్నది. పోపుల వెండి చివరి ముప్పై అయిదేళ్ళ చరిత్రంతా ఆ ప్రశ్న చుట్టే తిరుగుతుంది.

1835లో పదహారో గ్రెగరీ ద్రవ్య సంస్కరణ చేశాక బొరుసు మీది దృశ్యాలు, నీతివాక్యాలు తగ్గిపోయి ఆకుల దండ మధ్య విలువ వచ్చి కూర్చుంది. 1866లో తొమ్మిదో పయస్ స్కూదోను వదిలి లీరాకు మారాడు. స్కూదోకు 5.375 లీరాలన్నది మార్పిడి లెక్క. కొత్త లీరా బొరుసు మీద ముఖ్యంగా రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి విలువ. మరొకటి రాజ్యం పేరు, పోపుల రాజ్యం అని. శతాబ్దాల పాటు దేవుడి మాటలు పలికిన వెండి మీద, రాజ్యం చాలా వరకు చేజారి రోమ్ చుట్టుపక్కల నేల మాత్రమే మిగిలిన నాలుగేళ్ళలో, రాజ్యం తన పేరును ఇంత స్పష్టంగా చెప్పుకుంది. ఉన్నది పోతున్నప్పుడే పేరు చెప్పుకోవలసిన అవసరం కలుగుతుంది కాబోలు.

లీరాకు మారడానికి కారణం లాటిన్ ద్రవ్య సమాఖ్య. 1865 డిసెంబరులో ఫ్రాన్స్, బెల్జియం, ఇటలీ, స్విట్జర్లాండ్ ఒప్పందం చేసుకుని ఒకరి నాణేలను మరొకరు పుచ్చుకోవడానికి అంగీకరించాయి. రెండు ఫ్రాంకులు, అంతకన్న చిన్న వెండి నాణేలలో వెండి వన్నె వెయ్యికి 835 పాళ్ళు. అంటే వాటిలోని లోహం ముఖవిలువ కన్న తక్కువ. అందుకే దేశ జనాభాలో తలకు ఆరు ఫ్రాంకులకు మించి అటువంటివి ముద్రించరాదని కట్టుబాటు పెట్టారు. పోపు ప్రభుత్వం ఈ సమాఖ్యలో చేరడానికి సంప్రదింపులు జరుపుతూనే, తన కొద్దిపాటి జనాభాకు తగని పరిమాణంలో చిన్న వెండి నాణేలు ముద్రించింది. అవి సరిహద్దులు దాటి ఫ్రాన్స్‌కు చేరాయి. 1870లో వాటిని పుచ్చుకోవడం ఆగిపోయింది. అదే ఏడు సెప్టెంబరులో పోర్తా పియా దగ్గర గోడ బద్దలై రాజ్యమూ ముగిసింది.

తెలుగులో నాణెం, నాణ్యం అన్న మాటలు జంటగా నడుస్తాయి. 1866 లీరా విషయంలో ఆ జంట విడిపోయింది. నాణెం ఉంది. వన్నె కూడా ఒప్పందం ప్రకారమే ఉంది. లేనిది ముద్రించిన చేతికి హద్దు. ఇందుకు పూర్తిగా ఎదురు ఉదాహరణ మరో మతసంస్థ రాజ్యంలోనే ఉంది. మాల్టాను ఏలిన సెయింట్ జాన్ యోధసన్యాసుల సంఘం 1565 నాటి ఒట్టోమన్ ముట్టడిని తట్టుకున్నాక కొత్త కోటనగరం కట్టడానికి వెండి చాలక రాగి నాణేలు వేసింది. వాటి మీద రాయించిన మాటకు అర్థం ఇది రాగి కాదు, నమ్మకం అని. లోహం తక్కువని ఒప్పుకుని నమ్మకం అడిగిన నాణెం అది. మూడు శతాబ్దాల తరువాత రోమ్ లీరా ఏమీ అడగలేదు, ఏమీ ఒప్పుకోలేదు. సేకర్తల బజారులో పయస్ లీరాలు తేలికగా దొరుకుతాయి. చాలా ముద్రించారు గనుక చౌక అని జాబితాలు అంటాయి. ఆ చవకతనమే అసలు కథ అని అవి చెప్పవు.

దేవుడి పేరు, రాజు చెయ్యి

ఈ ప్రశ్నలు రోమ్‌కే పరిమితం కావు. తెలుగునేల పాలకులలో విజయనగర రాజులు శాసనాల చివర శ్రీ విరూపాక్ష అని దేవుడి చేవ్రాలు చేశారు. పెనుగొండ, చంద్రగిరుల నుంచి ఏలిన వేంకటపతిరాయల వరహా మీద తోరణం కింద నిలబడిన వేంకటేశ్వరుడు, రెండో వైపు ఆ స్వామికి నమస్కారం చెప్పే నాగరి అక్షరాలు ఉంటాయి. పైపైన చూస్తే ఇదీ మతరాజ్యపు నాణెమే అనిపిస్తుంది. తేడా వ్యాకరణంలో ఉంది. ఆ వరహా మీద రాజు దేవుడికి నమస్కరిస్తున్నాడు. నమస్కరించేవాడు ఒకడు, అందుకునేవాడు మరొకడు. పోపు నాణెం మీద ఆ ఎడం లేదు. పేరు పక్కన ఉన్న మహాగురువు బిరుదే రాజు బిరుదు కూడా. అందుకే జాబితాకారులు వేంకటపతి వరహాను అరవీటి వంశం కింద పెట్టడానికి ఒక్క క్షణం తడుముకోరు. దాన్ని తిరుమల కింద పెట్టాలని ఎవరికీ తోచదు. పోపు నాణెం దగ్గర మాత్రం రెండు జాబితాలు కావలసివచ్చాయి.

మలయా నేల మీద మరికొన్ని మెట్లు కనిపిస్తాయి. జొహోర్ సుల్తానుల పాత బంగారు మాస్ నాణేలు పాలకుణ్ణి ముస్లిములకు ఖలీఫా అని పిలుస్తాయి. రాజు మతపెద్ద బిరుదును తీసుకున్న సందర్భం ఇది. పోపుది మతపెద్ద రాజ్యాన్ని తీసుకున్న సందర్భం. 1511లో మలక్కాను పట్టుకున్న పోర్చుగీసులు వేసిన తగరపు నాణేల మీద శిలువ ఉంది. అది క్రీస్తు యోధసంఘపు శిలువ. ఆ సంఘానికి అధిపతి పోర్చుగల్ రాజు. చర్చి గుర్తు, రాజు ఆజ్ఞ ఒకే బిళ్ళ మీద చేరినా, టంకశాల మాత్రం రాజుదే.

ఇటీవలి ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. 2010 ఆగస్టులో, ఇస్లామిక్ పార్టీ పాలనలో ఉన్న కెలాంతన్ రాష్ట్రం బంగారు దీనార్లు, వెండి దిర్హాములు విడుదల చేసింది. వాటిలో లోహం నికరమైనది. అయినా దేశంలో ద్రవ్యాధికారం ఫెడరల్ ప్రభుత్వానిదేననీ, అవి చట్టబద్ధమైన డబ్బు కావనీ కౌలాలంపూర్ స్పష్టం చేసింది. దేశపు కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ నెగారా చిహ్నంలో ఉన్న జింక బొమ్మ పాత కెలాంతన్ బంగారు నాణెం నుంచి తీసుకున్నదే కావడం ఇందులోని విచిత్రం. నాణెం ముద్రించే హక్కు పోయిన చోటి నుంచి బొమ్మ మాత్రం కేంద్రానికి చేరింది. పయస్ లీరాలో వెండి ముఖవిలువకు చాలదు, రాజ్యం ఉంది. కెలాంతన్ దిర్హాములో వెండి చాలు, రాజ్యాధికారం లేదు. రెంటినీ చివరికి ఆపింది పొరుగు చెయ్యి పుచ్చుకోకపోవడమే. ఇదే నేల మీద 1903లో స్ట్రెయిట్స్ డాలరు వచ్చాక, అంతవరకు రేవులన్నిటా చెల్లిన మెక్సికో వెండి డాలరు 1904లో ఒక్క ఉత్తర్వుతో చెల్లనిదైంది. అందులోని వెండి ఒక రవ్వ కూడా తగ్గలేదు.

వరస పెట్టడం

సేకర్తకు వీటివల్ల కలిగే ప్రయోజనం ఏమిటి? మొదటిది, గ్రేడు అనే కొలత మీద అతివిశ్వాసం తగ్గుతుంది. అరగని నాణేనికి ఎక్కువ వెల. కానీ నీతివాక్యం అరిగిపోయిన జూలియో ఎన్నో చేతులు మారింది. ఆ వాక్యం కోరినదే అది చేసింది. చిల్లు పడిన నాణేన్ని జాబితాలు లోపం కింద లెక్కవేస్తాయి. మడోన్నా బొమ్మ ఉన్న నాణేనికి చిల్లు పడిందంటే ఎవరో దాన్ని మెడలో వేసుకుని ఉండవచ్చు. కాసులపేరు చూసిన తెలుగువారికి గానీ, పూజగదిలో రామటంకాన్ని చూసినవారికి గానీ ఇది విడమరచి చెప్పనక్కరలేదు. డబ్బుగా పుట్టినది ఆ చిల్లుతో పూజావస్తువైంది. రామటంకం డబ్బు రూపంలో పుట్టిన పూజావస్తువు. ఎదురెదురుగా నడిచిన ఈ రెండూ ఒక పళ్ళెంలో పక్కపక్కన ఉండదగినవి.

రెండోది మరింత ముఖ్యం. ఏ జాబితానూ చివరిమాటగా తీసుకోనక్కరలేదు. రాజుగారి క్రమం లేకపోతే రోమ్ నగరం ఎందరి కింద బతికిందో తెలియదు. సెరాఫీని క్రమం లేకపోతే ఆ పాలకులలో ఒకరు తమ్ము తాము పాలకులుగా కాక గురుపరంపరగా చూసుకున్నారని తెలియదు. ఈ రెండూ కలిసినా 1870 నాటి ఫ్రెంచి దుకాణదారు ఆ లీరాను ఎందుకు తిప్పి ఇచ్చేశాడో తెలియదు. నాణెం కింద పెట్టే చిన్న చీటీ మీద సాధారణంగా పోపు పేరు, టంకశాల, ఏడు, జాబితా సంఖ్య ఉంటాయి. ఇంకో గీతకు చోటు ఎప్పుడూ ఉంటుంది. ఈ డబ్బు ఏం చెప్పింది, ఎక్కడి దాకా చెల్లింది అన్నది ఆ గీతలో రాస్తే, ఇటలీ పుటా వాటికన్ పుటా అన్న చిక్కు పూర్తిగా తీరకపోయినా, ఆ చిక్కు ఎందుకు వచ్చిందో పేటిక తెరిచిన ప్రతివారికీ తెలుస్తుంది. బ్రిక్‌ఫీల్డ్స్‌లోనైనా బొలోన్యాలోనైనా, వెండిని చదవదగిన వస్తువుగా చేసేది ఆ గీతే.